తాడిపత్రి బావి ఈత, లాన్ హా సముద్రం

వియత్నాం వెళ్ళొచ్చామని తెలిసినప్పటి నుంచి మా తాడిపత్రిలో కనబడిన ప్రతివాళ్ళూ ఒకటే అడుగుతున్నారు, పడవలో రూము ఎట్లుంది, ఏసీ ఉందా, బాత్‌టబ్‌లో కూచుంటే సముద్రం కనబడుతుందా అని. ఏసీ ఉంది, సముద్రం కనబడుతుంది, పరుపు మెత్తగానే ఉంది. కానీ రూము కోసమైతే అంత దూరం పోనక్కర్లేదు. ఒక రాత్రి క్రూయిజ్‌లో రూములో మెలకువగా ఉండేదే కాసేపు, నీళ్ళలోకి దిగే టైమ్ ఇంకా తక్కువ, డబ్బులు పెట్టి వెళ్ళేది మాత్రం ఆ తక్కువ టైమ్ కోసమే. అందుకని బుక్ చేసేటప్పుడు రూము ఫొటోలు పక్కన పెట్టేసి, ఏ నీళ్ళలోకి తీసుకుపోతారు, కయాక్ (తెడ్డుతో నడిపే చిన్న పడవ) ఎంతసేపు ఇస్తారు, ఈతకి ఎక్కడ దించుతారు అని అడగండి. మా ఏజెంటు మొదట్లో ఈ మూడింట్లో ఒక్కదానికీ సరిగ్గా చెప్పలేదు, స్పా గురించి మాత్రం రెండు పేజీలు పంపించాడు.

అందరికీ తెలిసిన పేరు హాలాంగ్ బే, వియత్నాం ఉత్తరాన ఉన్న అఖాతం. 1994లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది, దీవులే పదహారు వందల పైన. పెద్ద దీవి కాట్ బాకి పక్కనే, హైఫాంగ్ నగరం వైపు ఉన్న నీళ్ళ పేరు లాన్ హా బే. చూపుకి రెండింటికీ తేడా తెలియదు, అవే రాళ్ళు, అదే పచ్చటి నీళ్ళు. 2023లో కాట్ బా దీవులని కూడా యునెస్కో అదే జాబితాలో కలిపేసింది. తేడా అంతా మనుషుల్లో, పడవల్లో ఉంది. హాలాంగ్‌లో పడవలు బారులు తీరి ఉంటాయి, ఈత కూడా టిటోప్ దీవి బీచ్ లాంటి అనుమతి ఉన్న చోట్లలోనే. (ఆ దీవికి సోవియట్ వ్యోమగామి టిటోవ్ పేరు పెట్టారు, 1962లో వియత్నాం నాయకుడు హోచిమిన్ ఆయన్ని వెంటబెట్టుకుని వచ్చినప్పుడు. నాలుగొందల మెట్లెక్కితే పైనుంచి ఫొటో బాగా వస్తుందంటారు.) లాన్ హాలో గుంపు తక్కువ, పడవ దగ్గరే నీళ్ళలోకి దిగనిచ్చే చోట్లు ఎక్కువ. కయాకింగ్, ఈత కోసమైతే లాన్ హానే. గుహలు, పెద్ద పెద్ద పడవల సందడి, అందరూ పెట్టే ఆ ఫొటో కావాలంటే హాలాంగ్‌కే పోండి, అదీ తప్పేం కాదు.

వెళ్ళేదారి గురించి మన అనంతపురం జిల్లా వాళ్ళకి ఒక్క మాట. హైదరాబాద్ నుంచి కూడా వియత్నాం రాజధాని హనోయికి పోవచ్చు కానీ మనకి బెంగుళూరే సుఖం. ఎయిర్‌పోర్టు దేవనహళ్ళిలో, 44వ జాతీయ రహదారి మీద మనవైపే ఉంది కాబట్టి బెంగుళూరు ఊళ్ళోకి దూరి ట్రాఫిక్‌లో చావాల్సిన పని లేదు. వీసా ఆన్‌లైన్‌లోనే, 25 డాలర్లు, వియత్నాం ప్రభుత్వం సైట్‌లోనే పెట్టండి, చూడ్డానికి అచ్చం దానిలాగే ఉండే ఏజెంట్ల సైట్లు ఉంటాయి, వాటిలో రెండింతలు గుంజుతారు. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఎట్లుంటే వీసాలోనూ అక్షరం పొల్లుపోకుండా అట్లే ఉండాలి, మనలో సగం మందికి ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఒకచోట ఒక్క అక్షరమే కదా. రూపాయికి దాదాపు మూడొందల డాంగ్‌లు వస్తాయి, జేబులో లక్షలు పెట్టుకుని తిరుగుతాం. ఇరవై వేల నోటూ, అయిదు లక్షల నోటూ రెండూ నీలమే, చీకట్లో టీ కొట్టు దగ్గర నోటు తీసేటప్పుడు సున్నాలు లెక్కపెట్టుకోండి.

మేం నలుగురం. నేను, మా ఆవిడ, మా బామ్మర్ది, వాడి భార్య. బామ్మర్దికి తాడిపత్రిలో నాపరాళ్ళ పాలిష్ మిషన్ ఉంది, కాబట్టి ట్రిప్పు మొత్తం రాళ్ళ మీద ఉచిత వ్యాఖ్యానం. హనోయిలో పొద్దున్నే వ్యాన్ ఎక్కితే రెండు గంటల పైన ప్రయాణం, చివర్లో సముద్రం మీద అయిదు కిలోమీటర్లకి పైగా సాగే టాన్ వూ - లాక్ హుయెన్ వంతెన దాటి గాట్ రేవుకి చేరుస్తారు. అక్కడ చిన్న పడవ ఎక్కించి పెద్ద పడవకి. ఎక్కగానే ఏదో రంగు నీళ్ళు గ్లాసులో ఇస్తారు, లైఫ్ జాకెట్లు ఎక్కడున్నాయో చెప్తారు. మనవాళ్ళు ఆ చెప్పేటప్పుడే సెల్ఫీలు మొదలుపెడతారు. వినండి, ఎందుకో తర్వాత చెప్తాను.

పడవ కదిలిన అరగంటకి రాళ్ళు మొదలయ్యాయి. సముద్రంలోంచి నిట్టనిలువుగా లేచిన గుట్టలు, నెత్తిన చెట్లు, అడుగున నీటిమట్టం దగ్గర మాత్రం చుట్టూ కోసేసినట్టు లోపలికి గుంట. కెరటాలూ ఉప్పునీళ్ళూ సున్నపురాయిని అక్కడే తింటాయి. మా బామ్మర్ది రెయిలింగ్ పట్టుకుని చూసి చూసి, "బావా, ఇది మన రాయేరా బాబూ, మనకి పడుకోనుంది, వీళ్ళకి లేచి నిలబడింది, అంతే" అన్నాడు. వాడు జోక్‌గా అన్నా మాట నిజమే. ఇక్కడి సున్నపురాయి దాదాపు ముప్పై కోట్ల ఏళ్ళ నాటిది, మన తాడిపత్రి, బేతంచర్ల, బేలం వైపు రాయి దానికన్నా చాలా పాతది. మనది పలకలు పలకలుగా పరుచుకుని ఉంటే ఇక్కడిది వానలకి కరిగి కరిగి గుట్టలుగా మిగిలింది, చివరి మంచుయుగం తర్వాత సముద్రం పెరిగి ఆ గుట్టల మధ్య లోయల్లోకి నీళ్ళొచ్చేశాయి. అంటే మనం పడవ మీద పోతున్నది ఒకప్పటి లోయల మీదుగా. ఈ సంగతి తెలిశాక నాకు ఆ నీళ్ళని చూడ్డమే మారిపోయింది.

భోజనమయ్యాక మూడు గంటల ప్రాంతంలో కయాక్‌లు. ఇద్దరు కూచునే ప్లాస్టిక్ కయాక్, రెండువైపులా రెక్కలున్న తెడ్డు. గైడు రెండు నిమిషాల్లో చెప్పేసిన దాన్ని నేను కొంచెం విడమరిచి చెప్తాను, ఎందుకంటే సగం మంది అక్కడే గిరగిరా తిరుగుతూ ఉండిపోయారు. బరువున్నవాళ్ళు వెనక కూచోవాలి. ముందువాళ్ళు ఏ వరసలో తెడ్డేస్తే వెనకవాళ్ళు అదే వరసలో వెయ్యాలి, లేకపోతే తెడ్డూ తెడ్డూ కొట్టుకుంటాయి. మలుపు తిప్పే పని వెనకవాళ్ళది: కుడికి పోవాలంటే ఎడమవైపు తెడ్డు దూరంగా చాచి విల్లులాగా గుంజాలి. ఆపాలంటే వెనక్కి వెయ్యాలి. చేతులతో లాగితే పది నిమిషాల్లో భుజాలు పడిపోతాయి, నడుము పైనుంచి ఒళ్ళంతా తిప్పి వేస్తే గంటైనా వెయ్యొచ్చు. పార పట్టి పనిచేసినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు.

మా ఆవిడ ముందు కూచుంది. అయిదు నిమిషాలైందో లేదో, "మీరు వెనక ఊరికే కూచొని నాతో తోయిస్తున్నారు కదా" అంది వెనక్కి తిరక్కుండానే. ముందు కూచున్నవాళ్ళకి వెనకవాళ్ళు వేస్తున్నారో లేదో కనబడదు, ఇదొక్కటే ఈ బండిలో ఉన్న చిక్కు. అప్పటి నుంచి నేను ప్రతి తెడ్డుకీ "హే" అనడం మొదలుపెట్టాను, ఆమె ఆ కేకకి తెడ్డు వేసింది, పక్క కయాక్‌లో ఉన్న ఫ్రాన్స్ జంట కూడా మమ్మల్ని చూసి మొదలుపెట్టారు.

మమ్మల్ని తీసుకుపోయింది చీకటి - వెలుగు గుహ అనే చోటికి. గుట్ట అడుగున సొరంగం, దాంట్లోంచి కయాక్ మీద దూరి అవతలికి పోతే చుట్టూ రాతిగోడలు, మధ్యలో నీళ్ళ మడుగు. గుహ నోటి దగ్గర వెలుతురు తగ్గేసరికి అందరూ వాళ్ళంతట వాళ్ళే గొంతు తగ్గించేస్తారు. పైకప్పు నుంచి చుక్కలు పడుతుంటాయి, తెడ్డు రాతికి తగిలితే ఆ చప్పుడు లోపలంతా తిరిగొస్తుంది. పక్కగోడ దగ్గరికి పోయి చూశాను. నీళ్ళకి జానెడు పైదాకా రాయంతా ఆల్చిప్పలు, గరుకుగా, అంచులు బ్లేడు మాదిరి. పొరపాటున కూడా చేత్తో పట్టుకుని కయాక్ ఆపాలని చూడొద్దు, అరచెయ్యి కోసుకుపోతుంది, ఉప్పునీళ్ళు కూడా తోడైతే ఇక చెప్పక్కర్లేదు. తెడ్డుతోనే తోసుకోండి. కాళ్ళకి పట్టీ ఉన్న చెప్పులు ఉండాలి, హవాయి చెప్పులు మొదటి ఐదు నిమిషాల్లోనే నీళ్ళపాలు.

ఇంకో సంగతి మన బంగాళాఖాతం వైపు వాళ్ళకి వింతగా ఉంటుంది. మన తీరంలో రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. అక్కడ రోజుకి ఒక్కటే పోటు, ఒక్కటే పాటు, పెద్ద తేడా ఉన్న రోజుల్లో నీటిమట్టం మూడు మీటర్లకి పైగానే ఎక్కి దిగుతుంది. అందుకే ఒక్కో గుహలోకి పొద్దున పోగలిగితే సాయంత్రం తల పట్టదు, ఒక్కోచోట అడుగు తగులుతుంది. ఏ టైమ్‌కి ఏ గుహకి పోతారు అన్నది గైడు ఇష్టం కాదు, నీళ్ళ ఇష్టం. మాకు ముందు అనుకున్న ఇంకో చోటు అట్లా పోయింది, దానికి గైడుతో గొడవపడ్డ ఒకాయనకి ఈ లెక్క చెప్తే చల్లబడ్డాడు.

కాట్ బా లంగూర్ అనే కోతి ఈ గుట్టల మీద తప్ప లోకంలో ఇంకెక్కడా లేదు, ఉన్నవి వందకి లోపే. మాకు కనబడలేదు, గద్దలు మాత్రం పైన తిరుగుతూనే ఉన్నాయి. కనబడుతుందని ఎవరైనా గ్యారంటీ ఇస్తే వాళ్ళని నమ్మొద్దు.

కయాకింగ్‌కి ఇచ్చింది ముప్పావు గంట. అప్పుడప్పుడే చేతులు వరసలో పడుతుంటే ఈల వేసి పిలిచేస్తారు. ఒక రాత్రి ట్రిప్పుల్లో ఇదే బాధ, మధ్యాహ్నం ఎక్కి మర్నాడు మధ్యాహ్నానికల్లా దింపేస్తారు కాబట్టి నీళ్ళకి మిగిలేది ఒక సాయంత్రం. వీలుంటే రెండు రాత్రులది తీసుకోండి. రెండో రోజు చిన్న పడవలో దూరంగా తీసుకుపోయి పొద్దంతా కయాకింగ్, ఈత పెడతారు, మనిషికి అదనంగా అయ్యేది రెండో రాత్రి ఖర్చే. మధ్యరకం పడవల్లో ఒక రాత్రికి మనిషికి 120 నుంచి 200 డాలర్ల దాకా నడుస్తోంది.

ఇక ఈత. మా వైపు ఈత అంటే బావి. పెన్నలో నీళ్ళు పారిన ఏడాది పండగే, పారని ఏళ్ళే ఎక్కువ, కాబట్టి నేర్చుకునేదంతా తోటల్లోని బావుల్లోనే. ఎండాకాలం సెలవుల్లో మధ్యాహ్నం అన్నం తిని పడుకున్నట్టు నటించి గోడ దూకి పోవడం, వీపుకి బెండ్లో లారీ ట్యూబో, గట్టు మీద ఎవరో ఒక మామ వెనక నుంచి ఒక్క తోపు. అట్లా నేర్చుకున్నవాడికి రెండే వచ్చు, పైనుంచి దూకడం, నాలుగు బారలేసి ఎదటి గోడ పట్టుకోవడం. మా బామ్మర్ది పడవ రెండో అంతస్తు చూడగానే చొక్కా విప్పేశాడు. గైడు పరుగెత్తుకొచ్చి ఆపాడు. పైనుంచి దూకనివ్వరు, కింద మెట్ల దగ్గర నుంచి దిగాలి. తేలే బంతుల తాడు కట్టి హద్దు పెడతారు, హద్దు దాటితే ఈల.

దిగాక తెలిసింది, పట్టుకోడానికి గోడ లేదు. ఎంత వింతగా ఉంటుందో చెప్పలేను, నాలుగు బారలు వేశాక చెయ్యి దానంతటదే గోడ కోసం చాస్తుంది. ఆ తర్వాత రెండోది తెలిసింది, గోడ అవసరమే లేదు. బావినీళ్ళలో కాళ్ళాడించకపోతే దిగిపోతాం, ఇక్కడ ఉప్పునీళ్ళు మనిషిని పైకి నెడుతూనే ఉంటాయి, వెల్లకిలా పడుకుంటే చాలు, చెవుల్లో నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ వినబడదు. ఒకటే జాగ్రత్త, దీవుల మధ్య ఇరుకు సందుల దగ్గర పాటు టైమ్‌లో నీళ్ళు మెల్లగా లాక్కుపోతాయి, తేలుతూ కళ్ళు మూసుకుంటే రెండు నిమిషాల్లో తాడు దగ్గరుంటాం. ఈత కళ్ళజోడు తప్పనిసరి, ఉప్పుకి కళ్ళు ఎర్రగా మిరపకాయలవుతాయి.

మా ఆవిడకి ఈత రాదు. వాళ్ళ ఊళ్ళో బావి ఇంటికి కూతవేటు దూరంలోనే ఉండేది, తమ్ముణ్ణి ఏడేళ్ళకే అందులో వేశారు, ఆమెని గట్టు మీద బట్టలకి కాపలా పెట్టారు. మన దగ్గర చాలా ఇళ్ళల్లో ఇదే కథ, ఈత మగపిల్లలకి ఆట, ఆడపిల్లలకి ప్రమాదం, ఆ బావి మాత్రం ఇద్దరికీ ఒకటే లోతు. ఆమె ఫుల్ హ్యాండ్స్ టీషర్టు, లెగ్గింగ్ వేసుకుని (ఎవరూ ఎవర్నీ చూడరు, చీర తప్ప ఏదైనా సరే, నీళ్ళు తాగిన చీర కాళ్ళకి చుట్టుకుంటే ఈత వచ్చినవాళ్ళకే కష్టం) లైఫ్ జాకెట్ బిగించుకుని మెట్ల చివర చాలాసేపు నిలబడింది. తమ్ముడు కింద నీళ్ళలోంచి "రా అక్కా, నేనుండా కదా" అంటున్నాడు. "నువ్వుండావనేరా భయం" అని దిగింది. దిగినామె ఇక ఎక్కలేదు. అందరూ పైకొచ్చి తువ్వాళ్ళు కప్పుకున్నాక కూడా ఆమె ఆ నారింజ రంగు జాకెట్‌లో అట్లే తేలుతూ, చేతులతో నీళ్ళని అటు ఇటు తోసుకుంటూ ఉంది. గైడు ఈల వేస్తే చెయ్యెత్తి ఇంకో అయిదు నిమిషాలు అని సైగ చేసింది, ఆయన కూడా ఊరుకున్నాడు. ఈత రాదు కదా మనకెందుకు అనుకునే ఆడవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, జాకెట్ నడుము పట్టీ, ఛాతీ పట్టీ రెండూ బిగించుకుని దిగండి, కింద పట్టీ వదులుగా ఉంటే జాకెట్ గడ్డం దాకా ఎక్కి మొహానికి అడ్డమొస్తుంది.

తిండి. శనివారం మా చెల్లెలు, అంటే బామ్మర్ది భార్య, నీచు ముట్టదు. మేం పడవ ఎక్కింది సరిగ్గా శనివారం. వియత్నాంలో శాకాహారం దొరకదని కాదు, "అన్ చాయ్" అని చెప్తే వాళ్ళకి అర్థమవుతుంది, బౌద్ధులు చాంద్రమానం నెలలో ఒకటో రోజు, పదిహేనో రోజు తినేది అదే. కాకపోతే కూర కనబడే ప్రతి గిన్నెలో చేపల సాస్ ఒక చెంచా పడుతుంది, అది వాళ్ళకి ఉప్పుతో సమానం. బుకింగ్‌లోనే రాయించి, ఎక్కాక వంటాయనకి మళ్ళీ చెప్పించండి. మాకు టోఫు, పుట్టగొడుగులు, ఉడకబెట్టిన ఆకుకూర, తెల్లన్నం పెట్టారు, పాపం బాగానే చేశారు, కారం మాత్రం సున్నా. మా చెల్లెలు సంచిలోంచి ఊరుబిండి, చెనక్కాయల పొడి డబ్బాలు తీసింది. వంటాయన వేలితో ఊరుబిండి అద్దుకుని నాలుక మీద పెట్టుకుని, కాసేపు ఏమీ మాట్లాడకుండా లోపలికి పోయి నీళ్ళు తాగొచ్చి, మళ్ళీ కొంచెం పెట్టమని గిన్నె చాచాడు.

రాత్రి పడవ అంచున లైటు వేసి వెదురు కర్రలిచ్చి స్క్విడ్ అనే సముద్రపు జీవిని పట్టమంటారు. ఎవరికీ ఏమీ పడలేదు, అది టైమ్‌పాస్. పడవ లంగరు వేసి ఉంటుంది, గుట్టల మధ్య కెరటాలు ఉండవు కాబట్టి వాంతుల భయం అక్కర్లేదు. జనరేటర్ చప్పుడు ఉంటుంది, వెనకవైపు కింది రూములు తీసుకోకండి.

పొద్దున్నే కాట్ బా దీవిలో ట్రుంగ్ ట్రాంగ్ అనే గుహకి తీసుకుపోయారు. పొడవు ఒక మూడొందల మీటర్లు. మాది బేలంకి ముప్పై కిలోమీటర్ల ఊరు, మూడు వేల రెండొందల మీటర్ల గుహ చూసి పెరిగినవాళ్ళం, ఇంటికి చుట్టాలొస్తే మొదట తీసుకుపోయేది అక్కడికే. బామ్మర్ది లోపలికి పోయి ఇంకో పక్క బయటికొచ్చి "అయిపోయిందా?" అన్నాడు. రాయలసీమవాళ్ళు ఆ గంట కూడా కయాక్ అడిగి తీసుకుంటే మేలు, కొన్ని పడవల్లో ఒప్పుకుంటారు.

నీళ్ళ గురించే కాబట్టి ఇదీ చెప్పాలి, గుట్టల మూలల్లో థర్మాకోల్ ముక్కలు, ప్లాస్టిక్ తేలుతున్నాయి. చేపల పెంపకం తెప్పలకి కట్టే థర్మాకోల్ విరిగి వచ్చిందే ఎక్కువ. కయాక్ మీద పోతూ మా గైడు వాటిని ఏరి కాళ్ళ దగ్గర వేసుకుంటూనే ఉన్నాడు, మేమూ కొన్ని ఏరాం.

లైఫ్ జాకెట్ల మాట తర్వాత చెప్తానన్నాను కదా. 2024 సెప్టెంబరులో యాగి తుఫాను ఈ తీరాన్నే కొట్టింది, రేవుల్లో కట్టేసిన పడవలే మునిగాయి. 2025 జూలై 19న హాలాంగ్ బేలో 49 మందితో పోతున్న టూరిస్టు పడవ ఒకటి ఉరుముల వానలో, మధ్యాహ్నం పూట, నిమిషాల్లో తిరగబడింది, ముప్పై మందికి పైగా పోయారు. అది రాత్రి క్రూయిజ్ కాదు, కొన్ని గంటలు తిప్పుకొచ్చే పడవ. భయపెట్టడానికి కాదు, సీజన్ చూసుకోమని చెప్పడానికి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా తుఫాన్లు, పిల్లలకి సెలవులని ఆ నెలల్లో పెట్టుకోకండి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా నీళ్ళు చల్లగా ఉంటాయి, మంచు పొగలో గుట్టలు అందంగా ఉంటాయి కానీ ఈత కుదరదు. ఏప్రిల్, మే మొదట్లో, లేదా అక్టోబరు, నవంబరు మొదట్లో పోండి. వాతావరణం బాగోలేక రేవు అధికారులు పడవలు ఆపేస్తే డబ్బు పూర్తిగా వాపసు ఇస్తారా, తేదీ మారుస్తారా అన్నది బుకింగ్ కాగితంలో రాసి ఉండాలి, ఫోన్‌లో చెప్పింది చెల్లదు. హనోయి నుంచి తిరిగొచ్చే విమానాన్ని మాత్రం పడవ దిగిన రోజే పెట్టుకోకండి, ఒక రోజు గ్యాప్ ఉంచుకోండి.